రెండు దెబ్బలంటే పోనిమ్మని

మా పక్కింటాయన పోయాడు. సముద్రం ఒడ్డున బండి ఆపుకుని, బండి మీది పెట్టెలో కుర్చీ వేసుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పొద్దున్నే ఒక గార్డు వచ్చి ఆయన ఇంటి తలుపు కొట్టి, ఎవరూ పలక్కపోతే మా తలుపు కొట్టాడు. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మా కోడలు అతను చెప్పింది విని వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నాకు ఇంగ్లీషు రాదు. టోపీ తీసిన పోలీసు ఏం చెప్తాడో తెలియడానికి ఇంగ్లీషు ఎందుకు?

ఆ పెట్టెని బండి మీదకి ఎక్కించిన చేతుల్లో రెండు నావి. అందుకని నా మీద మాట వచ్చింది. నువ్వు సాయం చెయ్యకపోతే మా నాన్న ఇంట్లోనే ఉండేవాడు అని ఆయన కూతురు అంది. ఆ తరవాత శవం బండి దగ్గర నేను ఒక పని చేశాను. దానికి మనవాళ్ళు కూడా నన్ను తప్పుపట్టారు. అందరూ అన్నారు కదా, ఇప్పుడు నేను చెప్తాను. నాకు చదువు లేదు, సంతకం బదులు వేలిముద్ర వేస్తాను. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. మధ్యమధ్యలో "ఇది వద్దులెండి అత్తయ్యా" అంటోంది. ఉంచమన్నాను. అన్నీ ఉంచమన్నాను.

మేముండేది డబ్లిన్‌కి పడమటివైపు, ములింగార్ అనే ఊరికి కాస్త ఎడంగా, అద్దె ఇంట్లో. మా అబ్బాయి కంప్యూటరు పని ఇంట్లో కూర్చునే చేస్తాడు, కోడలు ఆస్పత్రిలో నర్సు. ఇంటి వెనక కంచె, కంచె అవతల ఆయన దొడ్డి. దొడ్డంటే చదునుగా ఉంటుందనుకునేరు. గేటు దగ్గర ఎత్తు, అక్కణ్ణించి కాలవ దాకా పల్లం. అది చాలదన్నట్టు ఎడమ పక్కకి ఒరుగు. బిందె పెడితే దొర్లిపోతుంది. ఆ నేల మీదే ఆయన తన పెట్టె దించేవాడు, ఎక్కించేవాడు.

ఆ పెట్టె సంగతి చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. ఆయనకో పికప్ బండి ఉండేది, వెనక తొట్టి ఉంటుంది చూడండి, అది. ఆ తొట్టిలో కూర్చోబెట్టుకునే ఇల్లులాంటి పెట్టె ఇంకోటి. క్యాంపర్ అంటారుట. అందులో మంచం, చిన్న పొయ్యి, బల్ల, కిటికీలు, కిటికీలకి పూల గుడ్డ తెరలు. ముందు భాగం డ్రైవరు నెత్తి మీదకి టోపీలా వంగి ఉంటుంది. పెట్టెకి నాలుగు మూలలా నాలుగు ఇనప కాళ్ళు. ఒక్కో కాలూ ఒక జాకీ. హ్యాండిలు తిప్పితే కాలు నేలకి దిగుతుంది, ఇంకా తిప్పితే పెట్టె పైకి లేస్తుంది. నాలుగూ లేపి, పెట్టె గాల్లో నిలబడ్డాక బండిని కిందనించి ముందుకి తోలేస్తే పెట్టె దిగినట్టు. మళ్ళీ ఎక్కించాలంటే బండిని వెనక్కి తోలి పెట్టె కిందకి దూర్చి, హ్యాండిళ్ళు వెనక్కి తిప్పుకుంటూ పెట్టెని దించి కూర్చోబెట్టాలి. ఆయనకి గొర్రెలున్నాయి, వాటికి గడ్డి మోపులు తెచ్చుకోవాలంటే తొట్టి ఖాళీ కావాలి. పడమటి సముద్రం దగ్గరికి పోవాలని బుద్ధి పుడితే పెట్టె కావాలి. అందుకని ఎప్పుడూ ఈ దించడం, ఎక్కించడం.

నేనొచ్చిన ఏడాది, చలి కాస్త తగ్గిన రోజుల్లో, వంటింటి కిటికీలోంచి చూశాను. అంత పెద్దాయన ఒక్కడే ఆ నాలుగు కాళ్ళ చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాడు. ఒక మూల కాసిని చుట్లు తిప్పడం, నడుం పట్టుకుని ఇంకో మూలకి పోవడం, అక్కడ కాసిని తిప్పడం. ఒకే మూల లేపితే పెట్టె ఒరిగి పడుతుంది మరి. చూసి చూసి నాకు చెయ్యి దురద పుట్టింది.

నేను లారీ మనిషిని. మా ఆయనకి సొంత లారీ ఉండేది. పిల్లాడు ఇంకా పుట్టలేదు, క్లీనరు చెప్పకుండా మానేశాడు. ఇంకోడు దొరికేదాకా అని కొంగు నడుముకి బిగించి నేనే ఎక్కాను. ఇంకోడు దొరికాక కూడా దిగలేదు. ఆడది లారీ ఎక్కి ఊళ్ళు తిరుగుతోందని పేటలో అన్నారు. అన్నవాళ్ళింట్లో పెళ్ళికి బియ్యం బస్తాలు తెచ్చింది మా లారీయే. పందిట్లోకి వెనక్కి రానిచ్చి, నిలబడి దింపించాను. మాట పడడం నాకు కొత్త కాదు, చెప్పొచ్చేదేమిటంటే.

కంచెలో సందు చూసుకుని అవతలికి వెళ్ళి, ఖాళీగా ఉన్న మూల హ్యాండిలు పట్టుకున్నాను. ఆయన ఏదో అన్నాడు. వద్దనే అని ఉంటాడు. నేను తిప్పాను. తిప్పుతుంటే ఆయన "హో... హో..." అన్నాడు, ఆవుని ఆపినట్టు. నేను ఆవుని కాదు, అయినా ఆగాను. చెయ్యి చూపించాడు. నా మూల నాలుగు వేళ్ళు ఎత్తు లేచింది, ఆయనది లేవలేదు. సరే అని ఆయన మూల సమానమయ్యేదాకా ఆగి, అప్పుడు తిప్పాను. ఇద్దరం ఎదురెదురు మూలల్లో, మొహాలు కనపడకుండా, పెట్టె ఇటూ అటూ నిలబడి పని చేశాం. అయ్యాక నా వంక చూసి "గ్రాండ్" అన్నాడు. నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట అదే. బాగున్నా గ్రాండే, బాగోకపోయినా గ్రాండే, ఇక్కడ.

ఇప్పుడు దెబ్బల సంగతి. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. కూతురు డబ్లిన్ నించి ఫోను చేస్తే సగం వినేవాడు, సగానికి అవునవునంటూ తలూపేవాడు, ఫోనులో తలూపితే ఎవరికి కనపడుతుంది? బండి వెనక్కి తోలేటప్పుడు నేను ఎంత అరిచినా ఏం లాభం? అరిచేది తెలుగులో, వినాల్సింది చెవిటాయన. అందుకని మా లారీ పద్ధతి పెట్టాను. బాడీ మీద అరచేత్తో చరచడం. రెండు దెబ్బలు కొడితే పోనీ. ఒక్క దెబ్బ కొడితే ఆగు. కేక చెవి దాకా రాకపోయినా దెబ్బ సీట్లోంచి నడుముకి తెలుస్తుంది. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకుండా మొదటిసారికే తెలిసిపోయింది. డ్రైవరు ఏ దేశంవాడైనా డ్రైవరే.

ఆ వాలు నేల మీద కిటుకు ఒకటుంది. నిలబడిన పెట్టె కాళ్ళు చెప్పినట్టు వింటుంది, బండి నేల చెప్పినట్టు వింటుంది. పెట్టెని నిటారుగా నిలబెట్టి, ఎడమకి ఒరిగిన బండిని దాని కిందకి తోలితే చక్రం పైన బుడిపె పెట్టెని గుద్దుతుంది. అందుకని ఎడమ టైర్లు వచ్చే దారిలో వెడల్పాటి చెక్కలు పరిచి బండిని కూడా నిటారు చెయ్యాలి. కాళ్ళ కింద దిమ్మలు, పల్లం వైపు ఎక్కువ. ఆయన దగ్గర మేస్త్రీల రసమట్టం ఉండేది, గాజు గొట్టంలో బుడగ ఉంటుంది చూడండి. కళ్ళద్దాలు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని దాన్ని చూసేవాడు. నేను ఒకరోజు ఇంటికెళ్ళి స్టీలు కంచం తెచ్చి, పెట్టె తలుపు తెరిచి, గడప లోపల నేల మీద పెట్టి వేలెడు నీళ్ళు పోశాను. ఎటు పల్లమో నీళ్ళే చెప్తాయి. ఆయన రసమట్టం పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే చెప్పాయి. నవ్వి, రసమట్టం దాచేశాడు. అప్పట్నించీ ఆ కంచం పెట్టెలోనే ఉండిపోయింది. కంచం ఏదని కోడలు అడిగితే పక్కింట్లో పని చేస్తోందని చెప్పాను.

మా అబ్బాయి ఒకసారి ఆయన్ని అడిగాడు, గేటు బయట రోడ్డు పక్కన చదునుగా ఉంది కదా, అక్కడ దించుకోవచ్చుగా అని. ఆయన అన్నాట్ట, "ఆమెని చలిగాలిలో వదిలేసి నేను ఎలా పడుకోను?" ఇక్కడ బళ్ళని ఆడమనిషిలాగా చెప్పుకుంటారు. ఇంటి గోడ గాలికి అడ్డం ఉన్న చోటు ఆ వాలొక్కటే. ఇంకో మాట కూడా అనేవాడు, ఇది నాకు ఎప్పుడూ గుర్తే. దిమ్మ జారినా, చక్రం దిగబడినా నేను ఆ నేలని తిట్టేదాన్ని. ఆయన చెయ్యి అడ్డం ఊపి ఏదో అనేవాడు. అబ్బాయిని అడిగితే చెప్పాడు, "నేలతో వాదించకు అంటున్నాడమ్మా. నేల ఎలా ఉందో అలా ఉంది, మనమే సర్దుకోవాలిట." నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆ నేలని తిడుతూనే ఉన్నాను.

పనయ్యాక ఆయన ఇంట్లో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, వెన్న. నేను ఫ్లాస్కులో అల్లం టీ పట్టికెళ్ళేదాన్ని. ఒకసారి కందిపొడి సీసా పట్టికెళ్ళి దుంపల మీద చల్లాను. తిని కళ్ళు మూసుకున్నాడు. కారమయిందనుకున్నాను. సీసా ఇంక తిరిగి ఇవ్వలేదు. ఖాళీ అయినప్పుడు కడిగి, కంచె మీద బోర్లించేవాడు. అది చూసి నేను కందిపప్పు వేయించేదాన్ని. ఒక్క మాట లేదు మధ్యన.

ఒకసారి పెద్ద వానల తరవాత పెట్టె దించుతున్నాం. ఎడమ పల్లం అని అటువైపు దిమ్మలన్నీ పేర్చాం. కుడివైపు ఎత్తు, గట్టి నేల, దానికి ఒక్క చెక్క చాలన్నాడు. ఆ గట్టి నేల కింద ఎప్పుడో పూడ్చేసిన గుంట ఉంది. సగం లేపాక కుడి ముందుకాలు బుస్సుమని దిగబడింది. పెట్టె అటు ఒరిగింది. లోపల గిన్నెలన్నీ జారి గోడకి కొట్టుకున్నాయి. ఈయన పరిగెత్తుకెళ్ళి పెట్టెకి భుజం ఆనించాడు. పడే గోడకి భుజం పెట్టే మగాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. నేను బాడీ మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టాను, అరచెయ్యి వాచింది తరవాత. కొట్టి, ఆయన స్వెట్టరు వెనకాల పట్టుకుని బయటికి లాగాను. ఇద్దరం బురదలో కూర్చున్నాం. ఆయన మొహం తెల్లగా అయిపోయింది, ముందే తెల్లనివాడు. అప్పుడు ఇద్దరం అటూ ఇటూ పోయి, దిగబడిన కాలు ఎంత దిగిందో మిగతా మూడు మూలలూ అంత దించాం, తొందరపడకుండా, ఒక్కో చుట్టు. పెట్టె మళ్ళీ బండి తొట్టిలో కూర్చుంది. ఆ గుంట మీద పాత తలుపు చెక్క ఒకటి పడేసి, మొదట్నించీ లేపాం.

ఆ సాయంత్రం కూతురికి ఎవరో చెప్పారు. ఫోనులో ఆమె గొంతు మా దొడ్లోకి వినపడింది. మా అబ్బాయి కూడా నన్ను కూర్చోబెట్టాడు.

"అమ్మా, అది టన్ను బరువు. మీద పడితే?"

"మీద పడే చోట నేను నిలబడను."

"ఆయన నిలబడ్డాడుగా."

"అందుకే కదరా నేనుండాలి."

"నీకు డెబ్బై దాటాయి."

"లారీకి కూడా దాటి ఉండేవి, ఉంచి ఉంటే."

వాడికి తెలుసు నేను ఏం అన్నానో. మా ఆయనకి చూపు తగ్గిందని, రోడ్లు మారిపోయాయని, అందరూ ఆయన మంచికే లారీ అమ్మేశారు. డాక్టరు చెప్పాడు, చుట్టాలు చెప్పారు, వీడూ చెప్పాడు. ఎవరి తప్పూ లేదు. ఆయన అరుగు మీద కూర్చుని రోడ్డు మీద పోయే ప్రతి లారీ మోత వినేవాడు. ఇది ఫలానా బండి, గేరు సరిగ్గా వెయ్యలేదు వీడు, అనేవాడు. కొన్నాళ్ళకి అది కూడా మానేశాడు. ఇంట్లోనే పోయాడు, మంచం మీద, అందరి మధ్యా, ఏ ప్రమాదమూ లేకుండా. అంత జాగ్రత్తగా ఉంచుకుని ఏం మిగుల్చుకున్నాం? బతికుండగానే కొన్నేళ్ళు తీసేశాం. ఇది వద్దులెండి అంటోంది కోడలు. రాయమ్మా. వాడు చదివినా ఫరవాలేదు.

పక్కింటాయన చివరిసారి వెళ్ళిన రోజు ఎండ కాసింది. ఎక్కించడం సాఫీగా అయింది, కంచంలో నీళ్ళు అంచు తాకలేదు. నాలుగు మూలలా గొలుసులు బిగించాడు, నేను ఒక్కోటీ లాగి చూశాను. ఫ్లాస్కు ఇచ్చాను, సీసా కొత్తగా నింపి ఇచ్చాను. గేటు దాకా నడిచి, రోడ్డు చూసి, వెనక బాడీ మీద రెండు దెబ్బలు కొట్టాను. ఎప్పుడూ అక్కడితో అయిపోయేది. ఆ రోజు ఆయన కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, తన తలుపు మీద తనే రెండు దెబ్బలు కొట్టాడు. నాకు బదులు చెప్పినట్టు. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి బయటే ఉంది.

రెండు రోజులు తిరక్కుండానే ఆ గార్డు వచ్చాడు.

ఇక్కడ శవాన్ని ఇంట్లోనే హాల్లో ఉంచుతారు. ఊరంతా వరసలో వచ్చి ఇంటివాళ్ళ చేతులు పట్టుకుని వెళ్తారు. మన దగ్గర చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇక్కడ పొయ్యి ఆర్పరు. టీ మీద టీ. మేం ముగ్గురం వెళ్ళాం. ఆయనకి కోటు తొడిగి, జుట్టు దువ్వారు. చేతులు మాత్రం ఆయనవే, గోళ్ళలో గ్రీజు పోలేదు. కూతురు నా చెయ్యి పట్టుకోలేదు. కూతురంటున్నాను గానీ ఆమెకీ యాభై దాటి ఉంటాయి. నా మొహంలోకి చూసి మెల్లిగా, పళ్ళు బిగించి ఏదో చెప్పింది. చుట్టుపక్కల టీ కప్పుల చప్పుడు ఆగిపోయింది.

"ఏమంటోందిరా?"

"ఏం లేదమ్మా. బాధలో ఉంది."

"బాధ నాకు కనపడుతోంది. మాట చెప్పు."

వాడు చెప్పలేదు. బయటికొచ్చాక కోడలు చెప్పింది. ఆ రోజు నువ్వు సాయం చెయ్యకపోతే మా నాన్న ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు, ఇంట్లో ఉండేవాడు, పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, అందిట. వెళ్ళి సారీ చెప్పి వచ్చెయ్యమ్మా, గొడవ ఉండదు, అన్నాడు అబ్బాయి. నేను చెప్పనన్నాను. ఆమెకి తండ్రి పోయాడు, ఆమె ఏమైనా అనొచ్చు. కానీ నేను సారీ చెప్తే, ఆయన బండెక్కి సముద్రం చూడ్డానికి వెళ్ళడం తప్పని ఒప్పుకున్నట్టు. ఆ మాట ఆయన తరఫున నేనెలా ఒప్పుకుంటాను?

మర్నాడు శవం బండి ఆయన గేటు దగ్గర ఆగి ఉంది. నల్లగా, పొడుగ్గా, అద్దంలా తుడిచి. లోపల పూలు, శవపేటిక. బండి వెనక అందరూ నిలబడ్డారు, చర్చి దాకా నడవడానికి. ముందు డ్రైవరు కూర్చున్నాడు. ఎవరూ కదలరు. ఎవరు పొమ్మంటారా అని అందరూ చూస్తున్నారు. వాన మొదలైంది. ఆ వాలు మీద, ఆ గేటు దగ్గర, ఎన్నోసార్లు నిలబడ్డ అదే చోట నిలబడి ఉన్నాను. రోడ్డు చూశాను, ఖాళీగా ఉంది. ముందుకెళ్ళి, ఆ నల్లబండి వెనక అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాను.

గట్టిగానే మోగింది. ఊరంతా నా వంక చూసింది. కూతురు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మా అబ్బాయి నా జబ్బ పట్టుకున్నాడు. డ్రైవరు మాత్రం బండి కదిలించాడు. చెప్పానుగా, డ్రైవరు ఏ దేశంవాడైనా డ్రైవరే.

అది అక్కడితో ఆగలేదు. డబ్లిన్‌లో మనవాళ్ళింట్లో వ్రతానికి వెళ్తే ఒకాయన నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఆంటీ, ఇక్కడివాళ్ళు ఇలాంటివాటికి చాలా ఫీలవుతారండీ. శవం బండిని కొట్టడమేంటండీ. మనందరికీ చెడ్డపేరు" అన్నాడు.

"మీ పక్కింట్లో ఎవరుంటారు బాబూ?" అని అడిగాను.

"ఉంటారండీ ఎవరో. ఫ్యామిలీయే."

"వాళ్ళలో ఎవరైనా పోతే నీకు ఏ గార్డూ వచ్చి చెప్పడులే. నీ పేరుకి భయం లేదు."

ఆయన ప్రసాదం తీసుకుని లేచాడు.

మొన్న శనివారం కూతురు వచ్చింది. ఆయన బండి, మీద పెట్టెతో సహా, దొడ్లో పెట్టి ఉంది, ఆమె భర్త సముద్రం దగ్గరనించి తోలుకొచ్చి వదిలేశాడు. ఆమెకి తండ్రి ఇంట్లో సామాను తీసుకెళ్ళడానికి తొట్టి కావాలి. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. రబ్బరు బూట్లు వేసుకుని, ఒక్కతే, ఆ నాలుగు కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఈ మూల తిప్పడం, ఆ మూలకి పోవడం. నడుం పట్టుకోవడం కూడా అచ్చం తండ్రే.

"అమ్మా, వెళ్ళకు" అన్నాడు మా అబ్బాయి, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే.

"ఎక్కడికి?" అన్నాను, చెప్పులు వేసుకుంటూ.

కంచె సందులోంచి వెళ్ళాను. ఆమె నన్ను చూసింది, పలకరించలేదు. నేనూ పలకరించలేదు. ముందు పాత తలుపు చెక్క ఈడ్చుకొచ్చి, కుడి ముందుకాలు దిగే చోట, ఆ గుంట మీద వేశాను. పల్లం వైపు దిమ్మలు పేర్చాను. పెట్టె తలుపు తెరిచాను. నా కంచం అక్కడే ఉంది, గడప లోపల. కందిపొడి సీసా పొయ్యి పక్క అరలో, మూత బిగించి, సగానికి పైగా ఖాళీ. వెళ్ళిన చోట బాగానే తిన్నాడన్నమాట. తరవాత కంచంలో నీళ్ళు పోశాను.

నేను ఎదురు మూల హ్యాండిలు పట్టుకున్నాక ఆమె తిప్పడం మొదలుపెట్టింది. కోపంగా తిప్పుతోంది, గబగబా. ఆమె మూల లేచిపోతోంది, నీళ్ళు కంచం అంచుకి పోతున్నాయి. నేను "హో... హో..." అన్నాను.

ఆమె చేతులు ఠక్కున ఆగిపోయాయి. ఆ కేక ఎక్కడిదో ఆమెకి తెలుసు. చిన్నప్పట్నించీ విని ఉంటుంది, ఆవుల వెనకా, తన వెనకా. పెట్టె అడ్డం ఉంది, మొహం కనపడలేదు. హ్యాండిలు చప్పుడు మళ్ళీ మెల్లిగా వచ్చింది, నేను తిప్పితే ఆమె, ఆమె తిప్పితే నేను. వెనక మూలలకి కూడా అలాగే వెళ్ళాం. నాలుగు కాళ్ళూ బిగిసి, పెట్టె తొట్టినించి లేచింది. కింద చెయ్యి దూరేంత సందు.

అప్పటికి మా అబ్బాయి గొడుగు పట్టుకుని వచ్చాడు. వాన లేదు, ఊరికే పట్టుకొచ్చాడు. ఆమె బండెక్కి కూర్చుని, అద్దం దించి వాణ్ణి ఏదో అడిగింది.

"ఏమిటి?"

"వెనక ఎక్కడైనా తగులుతోందో లేదో నాకెలా తెలుస్తుంది అంటోంది."

"నేను చెప్తానని చెప్పు. బాడీ మీద ఒక దెబ్బ కొడితే ఆగాలి. రెండు కొడితే పోనిమ్మని. వాళ్ళ నాన్నకి అలాగే చెప్పేదాన్నని చెప్పు."

వాడు చెప్పాడు. చెప్తూ చెప్తూ సగంలో వాడి గొంతు మారింది, వాడికీ అప్పుడే వెలిగింది కాబోలు. ఆమె వాడి మొహం చూసింది. తరవాత పక్క అద్దంలో నన్ను చూసింది. ఏదో అడిగింది, చిన్నగా.

"శవం బండి దగ్గర కూడా అదేనా, అంటోందమ్మా."

"ఇంకేమనుకుంది?"

వాడు అది ఎలా చెప్పాడో నాకు తెలీదు. మెత్తగానే చెప్పి ఉంటాడు, వాడు అలాంటివాడు. ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా గేటుకేసి చూస్తూ కూర్చుంది. స్వెట్టరు చేతితో మొహం తుడుచుకుంది. నేను సారీ చెప్పలేదు. ఆమె అడగలేదు. ఇది కూడా రాయమ్మా, స్పష్టంగా.

ఆమె ఇంజను వేసింది. బండి మూరెడు కదిలిందో లేదో వెనక ఎడమ అంచు పెట్టెకి రాసుకుంది. ఒక్క దెబ్బ కొట్టాను. ఠక్కున ఆగింది. తండ్రి కంటే బాగా ఆగింది. వెళ్ళి ఆ వైపు రెండు కాళ్ళూ ఒక్కో చుట్టు లేపాను, ఎదురువైపు రెండూ కూడా లేపాను. వంగి కింద చూశాను. నాలుగు పక్కలా వెలుతురు కనపడింది.

రెండు దెబ్బలు కొట్టాను.

బండి పెట్టె కిందనించి ముందుకి జరిగింది, తొందర లేకుండా. తొట్టి సగం బయటికొచ్చింది, మొత్తం వచ్చింది, వాలు ఎక్కి గేటు దాటింది. గేటు దాటాక కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, తలుపు మీద రెండుసార్లు కొట్టింది. అది ఆమెకి ఎవరూ చెప్పలేదు.

దొడ్లో పెట్టె ఒక్కటే మిగిలింది, కింద ఏమీ లేకుండా, ఆ దిక్కుమాలిన నేల మీద నాలుగు కాళ్ళతో నిటారుగా. తెరిచిన తలుపులోంచి చూశాను. కంచంలో నీళ్ళు ఒకసారి వణికాయి. తరవాత, ఏ అంచుకీ పోకుండా, నిలిచాయి.